కడిగిన నీళ్ళలో

మేడ మీది గది,
బల్ల నిండా ప్లాను కాగితాలు

అచ్చులమ్మ వదినకి,

ఈ ఉత్తరం అన్నయ్యకి చూపించకు. ఫోన్ చెయ్యకుండా రాస్తున్నది కూడా అందుకే. నీకు నా ఫోన్ వస్తే అన్నయ్య టీవీ కట్టేసి మరీ చెవి అప్పగిస్తాడు. తన నోట్లో నువ్వుగింజ నానదు.

నేనొక ప్రయోగంలో చేరాను. ఇన్నేళ్ళూ ఊరి నేలంతా నేను కొలిచాను, ఇప్పుడు ఆస్పత్రివాళ్ళు నన్ను కొలుస్తున్నారు.

సగం సంగతి నీకు తెలుసు. మా మరిది ఏ జబ్బుతో మంచం పట్టి పోయాడో, ఆ జబ్బు జాడ మా ఆయనలోనూ ఉంది, నాలోనూ ఉంది. మాకేమీ కాదు కానీ పుట్టబోయే పిల్లల్లో నలుగురికి ఒకరి చొప్పున వస్తుంది. లెక్కల మాస్టారు కదా, మా ఆయన ‘నాలుగో వంతే’ అంటాడు. కిందటిసారి ఆ నాలుగో వంతే మా వంతుకొచ్చింది. మూడో నెల దాటాక పరీక్షలో తేలితే తీయించుకున్నాను. ఆ తర్వాత ఎన్నాళ్ళు కొలతలు తప్పు రాసి చీవాట్లు తిన్నానో నీకే తెలుసు. కడుపులో కుదురుకున్నదాన్ని ఉంచాలా వద్దా అని ఇంకోసారి తేల్చుకునే శక్తి నాకు లేదు వదినా. అందుకే ఇందులో చేరాను.

గాజు గిన్నెలో పిండాన్ని తయారుచేసే పద్ధతి నాకు పడలేదు. ఆ ఇంజెక్షన్లకి పొట్టలో నీరు చేరి వారం రోజులు ఆస్పత్రిలో పడి ఉన్నానుగా. ఇక్కడి పెద్ద డాక్టరమ్మ ఇంకో దారి వెతుకుతోంది. తక్కువ మోతాదు మందుతో రెండు మూడు గుడ్లు విడుదలయ్యేలా చేసి, పిండాన్ని లోపలే, దాని చోట్లోనే కట్టనిస్తారట. అది గర్భసంచి గోడకి అతుక్కోకముందు కొద్దిరోజులు ఎటూ కాకుండా తిరుగుతూ ఉంటుందట. సరిగ్గా అప్పుడు సన్నని గొట్టంతో గర్భసంచిని కడిగి, ఆ నీళ్ళతో బయటికి రప్పిస్తారు. మైక్రోస్కోపు కింద వెతికి పట్టుకుని, నాలుగు కణాలు గిల్లి పరీక్ష చేస్తారు. జబ్బు లేదని తేలితే మళ్ళీ లోపలికి. సరిహద్దు దగ్గర కాగితాలు చూసి పంపినట్టన్నమాట!

ఎంత నీరు పోస్తారు? అంత చిన్నదాన్ని ఎలా వెతుకుతారు? అడిగి అడిగి నర్సుల్ని విసిగించాను. నువ్వు అచ్చుల పనిలో ఉన్నావు కదా, గొట్టాల సంగతి నీకేమైనా తెలుసా?

నీ కొలబద్ద


వర్క్‌షాపు, వెనక బల్ల

కొలబద్దకి,

కూర్చున్నావా? కూర్చో. మీ డాక్టర్లు చెయ్యి అలవాటు చేసుకునే సిలికాన్ గర్భసంచులు ఎక్కడ తయారవుతాయో తెలుసా? ఇప్పుడు నేను మోచెయ్యి ఆన్చుకున్న బల్ల మీదే.

ఏడాదిగా పోస్తున్నాను. ‘ఒక ఆస్పత్రి పరిశోధనకి’ అన్నాడు ఓనరు, ఎవరికని నేనూ అడగలేదు. నీ ఉత్తరంలో గొట్టం, కడగడం అని చదవగానే ఎగిరి గంతేశాను. మీ అన్నయ్య ఏమైందని పరుగెత్తుకొచ్చాడు. బొద్దింక అని చెప్పాను. మర్నాడు ఓనర్ని అడిగితే మీ ఆస్పత్రి పేరే చెప్పాడు.

మీ ఆస్పత్రిలో మైక్రోస్కోపు చూసే ఆవిడ ఇసుక రేణువంత గాజు పూసలు పంపిస్తుంది. వాటిని నా గర్భసంచిలో వేసి, గొట్టం పెట్టి కడిగి, ఎన్ని బయటికొచ్చాయో చూస్తారు. మొదట్లో సగం లోపలే ఉండిపోయేవి. గొట్టం మొన మార్చారు, నీటి వేగం మార్చారు. ఇప్పుడు వేసిన పూసలన్నీ వచ్చేస్తున్నాయట. ఆ కబురు వచ్చిన రోజు ఓనరు అందరికీ టీ ఇప్పించాడు. మనిషికి పనికొచ్చే పని చేశానని నాకూ గర్వమేసింది.

ఇప్పుడా మనిషి నువ్వని తెలిసేసరికి గర్వం కాస్త వణుకుతోంది. పూస లోపల ఉండిపోతే అచ్చు కోసి తీసుకుంటాం. నీ లోపల ఉండిపోతే? ఆ సంగతి ఎవరైనా చెప్పారా? నాకు తిన్నగా రాయి. సరదాలు తర్వాత.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

మీ వదిన


ఆస్పత్రి వరండా, బెంచీ

వదినా,

ఎంత చిత్రం! నీ చేతి గర్భసంచి మీద నేర్చుకుని నా గర్భసంచి మీదికి వస్తున్నారన్నమాట. డాక్టరమ్మకి చెబితే పకపకా నవ్వి, ‘మీ వదినగారి పనితనం గొప్పది’ అంది. ఓనరుకి చెప్పి జీతం పెంచమను.

నువ్వడిగింది వాళ్ళే ముందు చెప్పారు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పింది. ‘ఇది వైద్యం కాదమ్మా, పరిశోధన. మీకు మేలు జరగొచ్చు, జరక్కపోవచ్చు. ఒక్కోసారి ఒకటి లోపల ఉండిపోవచ్చు. రెండు వారాలాగి రక్తపరీక్ష చేస్తాం. ఉండిపోయిందని తేలితే మాత్రలిస్తాం, బహిష్టు వచ్చేస్తుంది. ఆ మాత్రలు వేసుకుంటానని ముందే ఒప్పుకోవాలి.’

‘ఒప్పుకుని తర్వాత వద్దంటే?’ అని అడిగాను. నా సంగతి నీకు తెలుసుగా.

‘ఎవరూ బలవంతం చెయ్యరు. చెయ్యకూడదు కూడా. కానీ అలా అయితే మీరు ఏం వద్దనుకుని వచ్చారో అదే మీ ముందుకొస్తుంది’ అంది. ముక్కుసూటి మనిషి. నాకు నచ్చింది.

మేం వాడుకోని పిండాల్ని పరిశోధన కోసం ఉంచుకోవచ్చా అని ఇంకో ప్రశ్న. మా ఆయన వెంటనే ఉంచుకోమన్నాడు. నేను మాత్రం ఆలోచించి చెబుతానన్నాను. ఎందుకో నాకే తెలీదు. ఏమీ కాని దాని మీద ఇంత పెత్తనం ఎందుకు నాకు? కానీ ఏమీ కాకపోతే ఇంతమంది అంత జాగ్రత్తగా వెతకడం ఎందుకు? నీకేమనిపిస్తోంది?

ఇంకో తమాషా. స్కానింగులో నా గర్భసంచి వెనక్కి వాలి ఉందన్నారు. కొందరికి అలా ఉంటుందట, జబ్బేమీ కాదట. ‘అన్నీ తిరకాసే నీకు, అది మాత్రం తిన్నగా ఎందుకుంటుంది’ అన్నాడు మా ఆయన. కడిగేది వచ్చే వారమే.

నీ కొలబద్ద


ఇల్లు

కొలబద్దకి,

ఉత్తరం అందింది. మీ అన్నయ్యకి దగ్గు తగ్గింది. ఇక్కడ వానలు విడవడం లేదు, పోసిన సిలికాన్ సరిగా ఆరడం లేదు.

ఒక మాట. ఆ కడిగే పని వచ్చే నెలకి వాయిదా వెయ్యమంటే వేస్తారా? ఊరికే అడుగుతున్నాను. తొందరేముంది. నీకు ఆఫీసులో పని కూడా ఎక్కువగా ఉంటుంది కదా. ఆరోగ్యం జాగ్రత్త.

మీ వదిన


మేడ మీది గది, కాళ్ళ కింద రెండు దిండ్లు

వదిన గారికి,

గారు ఎందుకో తెలుసా? అంత మర్యాదగా ఉంది నీ ఉత్తరం. వానలూ దగ్గూ తప్ప రాయడానికేమీ దొరకలేదా? వాయిదా వెయ్యమని రాశావు, ఎందుకో రాయలేదు. అది అందేసరికే పనైపోయింది.

కాళ్ళెత్తి పడుకోబెట్టారు. చిన్నగా పిండినట్టు నొప్పి, తర్వాత గోరువెచ్చని నీళ్ళు వస్తూ పోతూ ఉన్నట్టు. స్క్రీను మీద చూపించమని అడిగితే తిప్పి చూపించారు. బూడిదరంగు మేఘంలో తెల్లటి గీత, అదే గొట్టం. పక్కగదిలోంచి మైక్రోస్కోపావిడ ‘ఒకటి!’ అని కేక పెట్టింది. కాసేపటికి ‘ఇంకొకటి!’ పడుకున్నదాన్ని లేచి కూర్చోబోతే నర్సు భుజం పట్టుకుని ఆపింది.

తర్వాత నన్ను తీసుకెళ్ళి చూపించారు. కన్ను ఆన్చి చూశాను. గుండ్రంగా, లోపల చిన్న బుడగ, ఒక పక్కన కణాల గుంపు. పొలాల సరిహద్దులు గీసిన మనిషిని, దానికి అంచు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేకపోయాను. అదేమిటో నాకు తెలియలేదు వదినా, కానీ కన్ను తియ్యబుద్ధి కాలేదు. వెనక లైన్లో నిలబడ్డవాడిలా మా ఆయన దగ్గాడు. తనకీ చూడాలని ఉంది పాపం.

కణాలు పరీక్షకి పంపి, రెండింటినీ గడ్డకట్టించి దాచారు. ఇంత పెద్ద సంగతి జరిగిన రోజున నీ దగ్గర్నుంచి వానల కబుర్లు! కోపంగా ఉన్నాను. ఏం దాస్తున్నావో రాయి.

కొలబద్ద


వర్క్‌షాపు

నా తల్లీ,

దాచాను. నిజమే.

నీ గర్భసంచి వెనక్కి వాలి ఉందని చదవగానే నా చేతిలో పని ఆగిపోయింది. నేను పోసినవన్నీ ఒకే అచ్చులోంచి వచ్చాయి. అన్నీ ముందుకి వాలినవే. వాళ్ళిచ్చిన బొమ్మలో అలాగే ఉంది, ఎక్కువమందికి అలాగే ఉంటుందట. మనిషి వెల్లకిలా పడుకుంటే ముందుకి వాలిన గర్భసంచి వంచిన చెంబు లాంటిది. నీళ్ళు వాటంతటవే మూతి దగ్గరికి వచ్చేస్తాయి. వెనక్కి వాలింది నిలబెట్టిన చెంబు. అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. పూసలన్నీ వచ్చేశాయని టీలు తాగాం కానీ, అందులో గొట్టం గొప్ప ఎంతో, వాలు గొప్ప ఎంతో ఎవరమూ చూసుకోలేదు.

ఓనరుతో అన్నాను. ‘కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? బొమ్మ వాళ్ళిచ్చారు, మనం పోశాం’ అన్నాడు. నా అనుమానమే తప్పేమో, నిన్ను ఊరికే బెదరగొట్టడమెందుకని ముందు చేసి చూద్దామనుకున్నాను. వెనక్కి వాలే అచ్చు కొత్తగా చెక్కి, పోసి, ఆరే లోపల నీకా ఉత్తరం రాశాను. వానలకి అది ఆరేసరికి నీ వారం దాటిపోయింది. ఆరాక పూసలు వేసి కడిగాను. చాలా లోపలే ఉండిపోయాయి. మళ్ళీ కడిగినా కదల్లేదు.

ఆ అచ్చు సంచిలో వేసుకుని తిన్నగా మీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మన చుట్టరికం ఆవిడకి తెలిసినా, నీ పేరెత్తలేదు. మర్నాడు ఆవిడే గొట్టం తీసుకుని వర్క్‌షాపుకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని తన చేత్తో కడిగింది. ‘గాజు బరువు, అందుకే మునుగుతోంది. పిండం ఇంత బరువుండదు’ అని తేలిక పూసలు తెప్పించింది. అవి కొన్ని ఎక్కువ వచ్చాయి, కానీ అన్నీ రాలేదు. లోపల మిగిలినవి లెక్కపెట్టింది. ‘తుంటి కింద ఎత్తు పెడితే సరిపోతుందనుకున్నాం. అనుకున్నాం, చూడలేదు’ అంది. కొత్తవాళ్ళని తీసుకోవడం ఆ సాయంత్రమే ఆపించింది.

నేను అచ్చుని బోర్లా తిప్పి కడిగి చూపించాను. అన్నీ జారి వచ్చేశాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ‘అయితే మా మరదల్ని బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి కడగండి!’ అనేశాను. అలా నోరు జారి నీ సంగతి ఎత్తేశాను. ‘సిలికాన్ మీద అయింది కదా అని మనిషి మీద చెయ్యలేనమ్మా. పైగా ఈపాటికి ఉన్నది గోడకి అతుక్కునే ఉంటుంది’ అంది. ఆవిడ మీద చాలా కోపమొచ్చింది. ఇంటికొచ్చాక ఆ కోపం ఆవిడ మీద కాదని తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని. ఏమీ ఉండిపోలేదేమో. ఉండిపోలేదనే అనుకుంటున్నాను. తిట్టాలంటే తిట్టు, ఉత్తరాలు మాత్రం మానకు.

మీ వదిన


మేడ మీది గది

వదినా,

నన్ను భయపెట్టాల్సింది. తప్పో ఒప్పో, ‘నాకిలా అనుమానంగా ఉంది’ అని ఒక్క వాక్యం రాస్తే, కడిగించుకోవాలో వద్దో నేను తేల్చుకునేదాన్ని. నేను పసిపిల్లనా? నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. మూడో రోజు విసుగొచ్చింది. నీతో ఎక్కువసేపు పోట్లాడటం నాకు చేతకాదు.

ఇప్పుడు అసలు సంగతి. బయటికొచ్చిన రెండింటికీ జబ్బు లేదు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట విని మా ఆయన ఆస్పత్రి కారిడార్లో గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

రక్తపరీక్ష కూడా వచ్చింది. లోపల ఒకటి ఉండిపోయింది.

చూడు తమాషా. బయట ఉన్న ఇద్దరి గురించి అంతా తెలుసు, వాళ్ళు ఫ్రీజర్లో ఉన్నారు. లోపల ఉన్నదాని గురించి ఏమీ తెలీదు, అది మాత్రం నాలో పెరుగుతోంది. దాన్ని పంపించేస్తే గానీ వాళ్ళు రాలేరు. మూడో నెల దాకా ఆగితే దానికీ పరీక్ష చెయ్యొచ్చట. నాలుగింట మూడు వంతులు బాగానే ఉండొచ్చు. నాలుగో వంతు వస్తే మళ్ళీ ఆ గది, ఆ బల్ల, అదే ప్రశ్న.

డాక్టరమ్మ మా ఇంటికే వచ్చింది. కుర్చీలో కూడా సరిగా కూర్చోలేదు. ‘మీకు వాలు ఉందని తెలిసి కూడా ముందుకెళ్ళాం. నా లెక్క తప్పింది’ అంది. ‘మాత్రలు వేసుకుంటానన్నారని ఇప్పుడు వేసుకోనక్కర్లేదు. వేసుకోకపోయినా ఆ ఇద్దరూ మీవాళ్ళే, ఎప్పటికైనా. మీరెటు చెప్పినా నేను మీ వెనకే ఉంటాను.’ ఒక్క ప్రశ్నా అడక్కుండా ఆవిడని గేటు దాకా సాగనంపాను. అది చూసి మా ఆయన కంగారు పడ్డాడు.

నువ్వయితే ఏం చేస్తావు? నిజం రాయి. ఈసారి దాచకు.

కొలబద్ద


వర్క్‌షాపు, అందరూ వెళ్ళాక

కొలబద్దకి,

నిజమే రాస్తాను. నేనైతే ఉంచుకుంటాను. నాలుగింట మూడు వంతులంటే నా చెవికి చాలా పెద్దగా వినిపిస్తుంది. కానీ ఆ గదిలో ఆ బల్ల మీద పడుకున్నది నేను కాదు. కాబట్టి నా మాటకి విలువ తక్కువ. నువ్వడిగావు కాబట్టి రాశాను, దాని మీద నడవమని కాదు.

ఇక్కడి కబురు కూడా చెప్పాలి. ముందుకీ వెనక్కీ పక్కకీ వాలినవి, చిన్నవీ పెద్దవీ, గోడ ఎగుడుదిగుడుగా ఉన్నవీ, అన్ని రకాల అచ్చులు కావాలని ఆవిడ రాసింది. అవన్నీ తేలేదాకా ఎవరినీ కడగరట. ఓనరు బోలెడు సంతోషించాడు. నేను సంతోషించలేకపోయాను. ఒక్కో అచ్చు చెక్కేటప్పుడు, ఇది ఎవరి కడుపో అనిపిస్తోంది. ఇదివరకు అలా అనిపించేది కాదు.

మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను. ఇంత మోసే ఓపిక నాకు లేకపోయింది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నమ్ముతావా? పొద్దున్నే నీ చిన్నప్పటి సైకిల్ తుడుస్తూ కూర్చున్నాడు.

ఎటైనా సరే, నేను నీ పక్షం.

మీ వదిన


ఆస్పత్రి దగ్గరి బస్టాపు

వదినా,

నిజం రాసి బతికించావు. నువ్వు ఉంచుకుంటానన్నావు కాబట్టే, నేను వద్దనుకుంటున్నానని నాకు తెలిసింది. నువ్వూ వద్దని ఉంటే, ఎటూ తేల్చుకోలేక ఇంకా తిరుగుతూనే ఉండేదాన్ని.

ఆస్పత్రిలోనే ఉండి మాత్రలు వేసుకున్నాను. మాటిచ్చానని కాదు. ఆ ఇద్దరి కోసమని కూడా కాదు. మూడో నెల దాకా రోజూ దానితో మాట్లాడకుండా ఉండటం నావల్ల కాదు. కిందటిసారి మాట్లాడాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. బాగా ఏడ్చాను. నొప్పి కూడా వాళ్ళు చెప్పినదానికంటే ఎక్కువే. కొత్తగా చేరేవాళ్ళకి అది సరిగ్గా చెప్పమని గట్టిగానే అన్నాను. ‘ఒక్కోసారి ఉండిపోవచ్చు’ అన్న మాట కూడా మార్చమన్నాను. ఎవరికి ఎక్కువ ఉండిపోతుందో, ఎంతవరకు తెలుసో, ఎంత తెలీదో చెప్పాలి కదా. డాక్టరమ్మ అక్కడే రాసుకుంది. మళ్ళీ చేరతారా అని కూడా అడిగింది. మీ అచ్చులన్నీ తేలాక అడగండి అన్నాను.

ఇవాళ చూపించుకోవడానికి వెళ్ళాం. అంతా బాగానే ఉందంది. తర్వాత కాస్త తటపటాయించి, ‘మాత్రల తర్వాత బయటికొచ్చినదాన్ని భద్రంగా ఉంచాం. జబ్బు ఉందో లేదో పరీక్షలో తెలుస్తుంది. మీరు సరేనంటేనే పంపుతాం. తెలుసుకోవాలని ఉందా?’ అని అడిగింది.

నా సంగతి నీకు తెలుసు. గట్టు రాయి కింద ఏముందో చూడందే కొలత మొదలుపెట్టను. మైక్రోస్కోపావిడ కూడా తలెత్తి నా వంకే చూసింది, నేను సరేనంటానని. నేను వద్దన్నాను.

బయటికొచ్చాక మా ఆయన బస్టాపులో నెమ్మదిగా అడిగాడు, ‘ఎందుకు వద్దన్నావు?’

‘బాగానే ఉందని చెబితే ఏం చేస్తాం?’ అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరం ఇక్కడే కూర్చున్నాం.

నీ కొలబద్ద